మందం ఉన్న గీత

రేఖకు పొడవు మాత్రమే ఉంటుంది, వెడల్పు ఉండదు అని యూక్లిడ్ నిర్వచనం. హైస్కూలులో మా లెక్కల మాస్టారు నల్లబల్ల మీద సుద్దముక్కను అడ్డంగా పట్టి, వేలెడు మందాన గీత గీసి మరీ ఈ నిర్వచనం వల్లె వేయించేవారు. కనిపిస్తున్న దానికి, చెబుతున్న దానికి పొంతన లేదే అని ఆనాడు అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆ ప్రశ్న ఇన్నేళ్ళ తరువాత మా గరాజులో, కాలిన చెక్క వాసన మధ్య మళ్ళీ ఎదురైంది.

చిన్న లేజరు కట్టరు ఒకటి కొన్నాను. కాగితం మీద ముద్రించినంత సులువుగా 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను కోసిపెడుతుంది. మొదటి ప్రయోగంగా, నేను బడిలో నేర్చుకున్న ఆంధ్రప్రదేశ్ పటాన్ని 23 జిల్లాల ముక్కలుగా కోసి మా అమ్మాయికి ఇద్దామనుకున్నాను. సరిహద్దులన్నీ శ్రద్ధగా కంప్యూటరులో గీశాను. కోత అద్భుతంగా వచ్చింది. ముక్కలు పేర్చి చూస్తే మాత్రం వదులు. బల్లను కాస్త కదిపితే చాలు, కృష్ణా జిల్లా గుంటూరుకు దూరం జరుగుతోంది. నది పారవలసిన చోట మసి.

"నాన్నా, ఈ మధ్యలో ఉండాల్సిన చెక్క ఏమైపోయింది?" అని అడిగింది పిల్ల. పొగై పోయిందమ్మా అన్నాను. అబద్ధం కాదు గాని, అది పూర్తి జవాబూ కాదు. పూర్తి జవాబు కోసం వెదుకుతూ పోతే రెండున్నర శతాబ్దాల వెనక్కు వెళ్ళవలసివచ్చింది. ఆ ప్రయాణమే ఈ టపా.

రాజులు గీసిన గీతలు

పటాన్ని చెక్కకు అంటించి సరిహద్దుల వెంబడి కోయాలన్న ఆలోచన నాది కాదు. 1760ల లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే యువకుడు ఇదే పనిని వ్యాపారంగా చేశాడు. పటాలు చెక్కడంలో పేరుపొందిన థామస్ జెఫరీస్ దగ్గర పని నేర్చినవాడు. అచ్చువేసిన పటాన్ని పలుచని మహాగని పలకకు అంటించి, సన్నని చేతిరంపంతో దేశాల హద్దుల వెంట కోసి, పెట్టెలో పెట్టి అమ్మేవాడు. ప్రపంచం, నాలుగు ఖండాలు, ఇంగ్లండు-వేల్స్, ఐర్లండు, స్కాట్లండు – మొత్తం ఎనిమిది పటాలు. సముద్రం లేకుండా, భూభాగం మాత్రమే ఉన్న పెట్టెలూ అమ్మాడు. సముద్రాన్ని మినహాయించి లోకాన్ని అమ్మిన వర్తకుడు బహుశా ఆయనొక్కడే! 1769లో, ముప్పై ఏళ్ళ ప్రాయంలోనే మరణించాడు.

అయితే తొలి గౌరవం పూర్తిగా ఆయనకే దక్కాలా అంటే సందేహమే. అంతకు ముందే లండన్‌లో పిల్లలకు చదువు చెబుతున్న ఫ్రెంచి రచయిత్రి లెప్రెన్స్ ద బోమోన్ చెక్కపటాలతో భూగోళం నేర్పేదని చరిత్రకారులు గుర్తించారు. మూడవ జార్జి రాజు బిడ్డల పెంపకం చూసిన లేడీ షార్లెట్ ఫించ్ కూడా ఈ పటాలను వాడింది. సంపన్నుల ఇళ్ళలో ఇవి ఎంత మామూలయ్యాయంటే, 1814లో వచ్చిన జేన్ ఆస్టిన్ నవల 'మాన్స్‌ఫీల్డ్ పార్క్'లో పేదింటి పిల్ల ఫానీకి యూరపు పటం ముక్కలు పేర్చడం రాదని అక్కచెల్లెళ్ళు ఎగతాళి చేస్తారు.

ఆ పటాలకు నేటి జిగ్‌సా ముక్కల్లా ఒకదానికొకటి తగులుకునే గుబ్బలు లేవు. హద్దు ఎలా ఉంటే కోత అలా. అంటే కోసినవాడు తన గీత ఏదీ గీయలేదు. రాజులు యుద్ధాలు చేసి, సంధులు చేసుకుని గీసిన గీతల మీద రంపం నడిపాడు, అంతే. పైగా ఆ గీతలు నిలవలేదు. 1766 నాటి స్పిల్స్‌బరీ యూరపు పటంలో పోలండు ఉంది. 1772, 1793, 1795లలో ఇరుగుపొరుగు రాజ్యాలు దాన్ని మూడు విడతలుగా పంచుకున్నాయి. ముప్పై ఏళ్ళు తిరక్కుండానే పెట్టెలోని ఆ ముక్కకు బయటి ప్రపంచంలో చోటు లేకుండాపోయింది.

ఇది చదివినప్పుడు నా 23 జిల్లాల పటం గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? 1979లో విజయనగరం ఏర్పడడంతో 23 అయిన జిల్లాలు 2014 వరకు అలాగే ఉన్నాయి. ఆ తరువాత రెండు రాష్ట్రాలయ్యాయి. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. నేను కోసినది నా బడి పటం. మా అమ్మాయికి అది పోలండు ముక్క.

కాలితో తొక్కిన రంపం

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో రంపం మధ్యతరగతి ఇంట్లోకి అడుగుపెట్టింది. కుట్టుమిషనులా కాలితో తొక్కితే సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడే యంత్రాలు ఇంగ్లండులోను, అమెరికాలోను విరివిగా అమ్ముడుపోయాయి. కాగితం మీద ముద్రించిన నమూనాను పలుచని చెక్కకు అంటించడం, గీతల వెంట కోయడం, ముక్కలను ఒకదాని గాడిలో మరొకటి దూర్చి గోడ అరలు, గడియారపు గూళ్ళు, బొమ్మ ఇళ్ళు నిలబెట్టడం – ఇదీ ఆనాటి ఇంటింటి సరదా. ఇంగ్లండులో 1895లో మొదలైన 'హాబీస్' వారపత్రిక పాఠకులకు కోతకు సిద్ధంగా ఉన్న నమూనా పటాలు అందించేది.

కాగితపు నమూనా స్థానంలో కంప్యూటరు ఫైలును, బ్లేడు స్థానంలో కాంతిని పెట్టండి. ఈనాడు లేజరు కట్టరు ఉన్న గరాజులలో జరుగుతున్నది అక్షరాలా ఇదే. మనం కొత్త విద్య అనుకుంటున్నది ముత్తాతల నాటి సరదా. అప్పుడూ ఇదే బెంగ ఉండేదనుకుంటాను: ఎవరో గీసిన నమూనాను కోసినంత మాత్రాన ఇది నా పని అని చెప్పుకోవచ్చునా?

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పినవారు జిగ్‌సా పజిళ్ళు కోసినవారు. 1908 ప్రాంతంలో అమెరికాలో పెద్దలు కూడా పజిళ్ళకు దాసోహమన్నారు. 500 ముక్కల చెక్క పజిలు ధర 5 డాలర్లు. సగటు కార్మికుడి నెలజీతం 50 డాలర్లు. మసాచుసెట్స్ లోని సేలంలో పార్కర్ బ్రదర్స్ సంస్థ 1909లో తన తక్కిన ఆటలన్నీ పక్కన పెట్టి కొంతకాలం పజిళ్ళే తయారుచేసింది. అక్కడ కోత పనిలో ఉన్నవారు స్త్రీలు. ముక్కలు ఒకదానినొకటి పట్టుకునేలా గుబ్బలు, గుంటలు పెట్టి కోశారు. మధ్యమధ్యన పక్షి, కుక్క, నక్షత్రం వంటి ఆకారాల ముక్కలు దాచారు. కోత ఇక బొమ్మలోని హద్దులకు బానిస కాదు. బొమ్మ ఒకరిది, గీత మరొకరిది. గీత కోసేవారి సొంతమైంది ఇక్కడే.

కరువులో పుట్టిన కుటీర పరిశ్రమ

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా కదిలించిన ఘట్టం 1930ల ఆర్థికమాంద్యం. ఉద్యోగాలు పోయిన వడ్రంగులు, వాస్తుశిల్పులు, నైపుణ్యం ఉన్న ఎందరో ఇంట్లో ఉన్న రంపాన్నే ఆశ్రయించారు. నేలమాళిగల్లోను, గరాజుల్లోను పజిళ్ళు కోసి చుట్టుపక్కల అమ్ముకున్నారు, అద్దెకిచ్చారు. మందుల దుకాణాలలో, గ్రంథాలయాలలో పజిలును కొద్ది సెంట్లకు ఒక రాత్రికి అద్దెకు తెచ్చుకోవచ్చు. సినిమాకు పోలేని కుటుంబానికి ఆ రాత్రికి అదే సినిమా.

న్యూయార్కులో ఫ్రాంక్ వేర్, జాన్ హెన్రిక్స్ అనే ఇద్దరు 1932లో ఇలాగే మొదలుపెట్టిన 'పార్' పజిళ్ళు తరువాత సినీతారల దాకా పాకాయి. వారి ప్రతి పజిలులో ఒక సముద్రపు గుర్రం ఆకారపు ముక్క ఉండేది. అది వారి చేవ్రాలు. సంతకం చేయడానికి సిరా అక్కరలేదు, కోసిన గీత చాలునని వారు నిరూపించారు.

కాని ఆ ఏడాదే మరొక సాధనమూ విజృంభించింది. ప్లైవుడ్ పలకలో గాళ్ళు కోసి, వాటిలో పదునైన ఉక్కు బద్దీలు నిలబెట్టి, ఆ అచ్చును అట్ట మీద బలంగా ఒత్తితే ఒక్క దెబ్బకు వందల ముక్కలు తెగుతాయి. 1932 చివరిలో వారానికొక కొత్త పజిలు 25 సెంట్లకు పత్రికల దుకాణాలకు వచ్చింది. 1933 ఆరంభంలో అమెరికాలో పజిళ్ళ అమ్మకాలు వారానికి కోటికి చేరాయి. ఆ కోటిలో అత్యధికం అట్టవే. చేతికోత కొందరు సంపన్నుల వేడుకగా మిగిలింది.

ఉక్కు అచ్చు చెడ్డదని నేననను. కూలివాని ఇంటికి పజిలును తెచ్చింది అదే. కాని ఒక అచ్చులో వచ్చిన వేయి పజిళ్ళకూ కోత ఒక్కటే. పైన బొమ్మ మారుతుంది, కింద గీత మారదు. గీత మళ్ళీ మనిషి చేయి దాటిపోయింది.

బారామతి నుంచి వచ్చిన వెలుగు

ఇక కాంతి సంగతి. 1960 మే 16న కాలిఫోర్నియాలో థియొడర్ మైమన్ కెంపు స్ఫటికంతో తొలి లేజరును వెలిగించాడు. దేనికి పనికివస్తుందో ఎవరికీ స్పష్టంగా తెలియని ఆవిష్కరణ అది. నాలుగేళ్ళకు, 1964లో, బెల్ పరిశోధనాలయంలో కార్బన్ డయాక్సైడు వాయువుతో పనిచేసే లేజరును తయారుచేసినవాడు మనవాడు: చంద్రకుమార్ నారన్‌భాయి పటేల్. 1938లో పుణె జిల్లా బారామతిలో పుట్టి, పుణె ఇంజనీరింగు కళాశాలలో చదివి, స్టాన్‌ఫర్డ్ వెళ్ళినవాడు. ఈ లేజరు కిరణం మన కంటికి కనిపించదు. దాని తరంగదైర్ఘ్యం 10.6 మైక్రానులు, అంటే పరారుణం. చెక్క, కాగితం, తోలు, యాక్రిలిక్ దాన్ని ఇట్టే పీల్చుకుంటాయి. పీల్చుకున్న చోట ఆవిరై మాడిపోతాయి. మా గరాజులో గాజుగొట్టంలో వెలుగుతున్నదీ పటేల్ గారి కిరణమే.

1967లో ఇంగ్లండులో పీటర్ హోల్డ్‌క్రాఫ్ట్ ఈ కిరణానికి ప్రాణవాయువు ధారను తోడుచేసి మిల్లీమీటరు మందం ఉక్కురేకును కోసి చూపాడు. ఆ తరువాతి కథలోనే నాకు ఒళ్ళు జలదరించిన మలుపు ఉంది. 1970ల తొలినాళ్ళలో లేజరు కోత పరిశ్రమలో నిలదొక్కుకున్న తొలి పనులలో ఒకటి – అట్టపెట్టెల అచ్చుల కోసం ప్లైవుడ్ పలకలో ఉక్కు బద్దీలు దిగే గాళ్ళు కోయడం! చేతికోతను బజారు నుంచి తరిమిన అచ్చు ఉన్నదే, ఆ జాతి అచ్చులకు ఊడిగం చేస్తూనే లేజరు కోత నేర్చింది. అర్ధశతాబ్దం గడిచాక అదే కిరణం అచ్చు అక్కరలేని కోతను ఇంటికి తెచ్చింది.

ఆ రాకా ఒక్కనాటిది కాదు. 1998లో ఎం.ఐ.టి.లో నీల్ గెర్షెన్‌ఫెల్డ్ దాదాపు దేన్నైనా తయారుచేయడం ఎలా అనే పాఠం మొదలుపెట్టాడు. అందులోంచి 'ఫ్యాబ్ ల్యాబ్' అనే పొరుగింటి కర్మాగారం ఆలోచన పుట్టింది. ఎం.ఐ.టి. వెలుపల వెలసిన తొలి ఫ్యాబ్ ల్యాబులలో ఒకటి 2002 నాటికి పాబల్ గ్రామపు విజ్ఞానాశ్రమంలో ఉంది. ఆ పాబల్ కూడా పుణె జిల్లాలోనిదే! 2015లో గ్లోఫోర్జ్ అనే సంస్థ ఇంటి లేజరు కట్టరు తయారుచేస్తామంటే 30 రోజులలో జనం సుమారు 2 కోట్ల 79 లక్షల డాలర్లు ముందుగా చెల్లించారు. ఈలోగా చౌకైన 40 వాట్ల చైనా యంత్రాలు ప్రపంచంలోని గరాజులన్నింటికీ చేరాయి. 2023 మార్చిలో హైదరాబాదులో టి-వర్క్స్ తెరుచుకున్నాక, యంత్రం కొనలేని మనవారికీ ఈ విద్య అందుబాటులోకి వచ్చింది.

కోత తీసుకునే సుంకం

ఇప్పుడు మా పిల్ల ప్రశ్నకు వస్తాను. మధ్యలోని చెక్క ఏమైంది?

రంపానికి బ్లేడు మందం ఉన్నట్టే కాంతికీ మందం ఉంది. కటకం ఎంత కూడగట్టినా కిరణం బిందువు కాలేదు. మా యంత్రంలో 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో పడే కోత మందం సుమారు 0.16 మిల్లీమీటరు. స్పిల్స్‌బరీ దగ్గర పొట్టుగా రాలినది నా దగ్గర పొగగా పోయింది. ఆ సుంకం కట్టకుండా ఈ లోకంలో ఏ గీతా పడదు.

ఒకదానిలో ఒకటి ఇమిడే నమూనాలు చేసేవారికి ఈ లెక్క ప్రాణప్రదం. 10 మిల్లీమీటర్ల నాలుక, 10 మిల్లీమీటర్ల గాడి గీశామనుకోండి. కిరణం గీతకు రెండు వైపులా సమంగా తింటుంది గనుక నాలుక 9.84 అవుతుంది, గాడి 10.16 అవుతుంది. తేడా 0.32. పెట్టె ఊగుతుంది. గాడిని అంతమేర ఇరుకుగా గీస్తే జిగురు లేకుండానే గట్టిగా పట్టుకుంటుంది. ఇంకాస్త ఇరుకైతే చెక్క చీలుతుంది. పైగా 3 మిల్లీమీటర్లని కొన్న ప్లైవుడ్ కొలిచి చూస్తే ఒక్కో పలక ఒక్కోలా ఉంటుంది. అందుకే పాతకాలపు వడ్రంగిలా ప్రతి పలకకూ ముందొక చిన్న తునక కోసి, దూర్చి చూసి, ఆ తరువాతే పనిలోకి దిగాలి. యంత్రం ఎంత తెలివైనదైనా ఈ ఓపికను అది కొనివ్వలేదు.

మరొక పరిమితీ ఉంది. కిరణం పలకను పైనుంచి కిందికి నిలువునా దాటిపోతుందే తప్ప కడ్డీలో గుంట తొలచలేదు. ఆరు కడ్డీలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ముడిలా నిలిచే పాత చెక్క చిక్కుముడులు చూసే ఉంటారు. ఒకే ఒక్క క్రమంలో తప్ప అవి ఊడిరావు. బిల్ కట్లర్ అనే అమెరికా గణితజ్ఞుడు లోపల ఖాళీ మిగలకుండా వీటిని కూర్చే విధానాలు 1,19,979 అని 1978లో ప్రకటించాడు. లోపల ఖాళీలు ఉండవచ్చు అంటే ఆ సంఖ్య సుమారు 3,565 కోట్లని 1990లో కంప్యూటర్ల సాయంతో తేల్చాడు. ఆరే ఆరు పుల్లలు! వీటిని లేజరుతో చేయాలంటే ఒక్కో కడ్డీని మూడునాలుగు పలుచని పొరలుగా విడగొట్టి కోసి, పొరలను అంటించుకోవాలి. లేదా కడ్డీలకు బదులు గాళ్ళున్న పలకలతో ముడి వేయడం నేర్వాలి. ఏనుగు నుంచి ఓడ దాకా ఈనాడు కనిపించే చెక్క నమూనాలన్నీ ఈ పరిమితిలోంచి పుట్టినవే. ఘనాన్ని పొరలుగా చూడగలగడమే ఈ విద్యలో సగం.

కొత్తగా ఈ దారి పట్టేవారికి పెద్దరికంగా రెండు మాటలు: పి.వి.సి. షీటును పొరపాటున కూడా కోయకండి, వెలువడేది ఊపిరితిత్తులకూ యంత్రానికీ విషం. కోత సాగుతుండగా యంత్రాన్ని వదిలి కాఫీకి వెళ్ళకండి. చెక్కకు అంటుకోవడం మన అనుమతితో జరగదు.

ఎవరి గీత?

ఈ చరిత్ర అంతా చదివాక నాకు మిగిలినది ఒక్క మాట. సాధనం ఇంటికి వచ్చినంత మాత్రాన గీత మనది అయిపోదు. ఈనాడు ఫైలు ఒకటి దించుకుని కోసిపెట్టుకోవడం ఎంత సులువంటే, ఊళ్ళోని అందరి ఇళ్ళలో ఒకే ఏనుగు, ఒకే ఓడ నిలబడతాయి. అప్పుడు ఇంటి యంత్రానికీ ఉక్కు అచ్చుకూ తేడా ఏముంది? మాంద్యం నాటి చేతికోతగాళ్ళను అచ్చు ఓడించింది. మనల్ని ఎవరూ ఓడించనక్కరలేదు, మనమే అచ్చులమవుతాం.

యూనికోడులో తెలుగు రాయడం నేర్చుకున్న తొలినాళ్ళు మీకు గుర్తుండే ఉంటాయి. నాలుగు వాక్యాలు సరిగా పడడానికి రాత్రంతా పట్టేది. అయినా రాసింది మనదే. ఆ ఆనందం కీబోర్డుది కాదు కదా!

పోయిన ఆదివారం పటాన్ని మళ్ళీ కోశాను. ఈసారి ముక్కలను దూరదూరంగా పరచి, ప్రతి అంచునూ సగం కోత మందం మేర బయటికి జరిపాను. చెక్క ఎక్కువ ఖర్చయింది గాని కృష్ణ, గుంటూరు కలిసే ఉన్నాయి. పిల్ల చూసి బాగుందంది, ఆపై పెన్సిలు తీసుకుని మా అమ్మ ఉండే ఊరి చుట్టూ తనకు తోచినట్టు ఒక గీత గీసింది. జిల్లా కాదు, మండలం కాదు. తాను వెళ్ళిన చెరువు, మామిడితోట, బస్సు దిగిన మలుపు వచ్చేలా గీసిన వంకర గీత. ఏ ప్రభుత్వ పటంలోనూ ఆ హద్దు లేదు. ఆ ముక్కను అలాగే కోశాను.

పెట్టెలో 24 ముక్కలున్నాయి ఇప్పుడు. మీరైతే ఆ ఇరవైనాలుగో ముక్కకు ఏ ఊరి చుట్టూ గీత గీస్తారో వ్యాఖ్యల్లో చెప్పండి.